చెట్టెక్కేవాడి తాడులో వదులెంత?

వీరులపాడు, జుజ్జూరు, పొన్నవరం వైపు గట్టు మీద నాలుగు తాటిచెట్లున్న రైతు మీరైతే ఈ నాలుగు ముక్కలు మీకోసమే. ముంజెలకో, పాకకు తాటాకు కొట్టించడానికో ఏడాదికి ఒకసారైనా చెట్టెక్కే మనిషిని పిలుస్తారు. కూలి దగ్గర బేరమాడతారు. అతని నడుముకున్న తాడు ఎలాంటిదో మాత్రం చూడరు. "ఎక్కేది వాడు, తాడు వాడిది, మనకెందుకు" అంటారు. ఈ మాట నాకు గిట్టదు. చెట్టు మనది, గట్టు మనది, పనీ మనదే. ఆ మనిషి పడితే వాళ్లింటికి కబురు మోసుకెళ్లాల్సిందీ మనమే.

గీతపనివాళ్ల మోకును తక్కువ చేయడం లేదు. మానునూ నడుమునూ చుట్టి వెనక్కి వాలితే అది బిగుస్తుంది, కాళ్ల బంధం మానును పట్టుకుంటుంది, రెండు చేతులూ పనికి ఖాళీ అవుతాయి. కాకపోతే అది పట్టేది మనిషి వెనక్కి వాలినంతసేపే. కాలు జారి ఒళ్లు మానుకు ఆనిందా, మోకు వదులై మాను వెంటే కిందికి జారుతుంది. పైగా తాడిచెట్టు మొదట్లో లావు, పైన సన్నం. కింద సరిపోయిన చుట్టు పైకి పోయేసరికి వదులవుతుంది. అనుభవం ఉన్నవాడు మధ్యలో ఆగి కురచ చేసుకుంటాడు. పది చెట్లు ఎక్కాల్సిన తొందరలో ఉన్నవాడు ఆగడు.

ఆ వదులే ప్రాణం తీసేది. తాడులో రెండడుగుల వదులుంటే మనిషి ముందు రెండడుగులు పడతాడు, ఆ తర్వాత తాడు ఆపుతుంది. ఆ కుదుపు ఒంటి బరువుకు ఎన్నో రెట్లుంటుంది. నడుముకు ఒక్క పట్టా మాత్రమే ఉంటే ఆ దెబ్బంతా వెన్నుకూ పొట్టకూ తగులుతుంది. అందుకే తొడలనూ భుజాలనూ కూడా పట్టే హార్నెస్ కావాలి. దాని మీద ఐ.ఎస్. 3521 అన్న గుర్తు ఉందో లేదో షాపులోనే చూడండి.

ఇక వదులు తీసే సాధనం. 1931లో ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ అనే పర్వతారోహకుడు ఒక ముడిని ప్రచారంలోకి తెచ్చాడు. లావు తాడు మీద సన్నతాడును చుట్లు చుట్టి వేస్తారు. బరువు పడితే కరుచుకుంటుంది, బరువు తీసి చేత్తో తోస్తే జరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తాడు మీద 8 మిల్లీమీటర్ల తాడుతో వేస్తే బాగా పడుతుంది; రెండూ ఒకే లావైతే సరిగా పట్టదు. ముడి కింద చిన్న కప్పీ పెట్టి తాడు కొస లాగితే ముడి దానంతటదే జరిగి వదులు తీసేస్తుంది. కొనేముందు మాను మొదట్లో, నేల మీదే కట్టుకుని, ఎడమచేత్తో మాత్రమే బిగించి చూడమనండి. రెండో చెయ్యి కావలసి వస్తే ఆ సామాను వద్దు. చెట్టు మీద ఆ రెండో చేతిలో కత్తి ఉంటుంది కదా.

ఇది కూడా చుట్టు తాడే కాబట్టి ఇదొక్కటే చాలదు. బరువు పడగానే మానుకు బిగుసుకునే ఉచ్చుతాడు రెండోది ఉండాలి. మట్టల్లోకి దూరేటప్పుడు మోకు విప్పుతారు చూడండి, ఆ నిమిషానికి ఇదే దిక్కు. తెలంగాణలో 2024 జూలై 14న లష్కర్‌గూడలో గీతకార్మికులకు రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. మంచిపనే. కానీ కిట్టు చేతిలో పెట్టడం ఒక ఎత్తు, చెట్టు మీద నేర్పడం ఇంకో ఎత్తు.

కేరళ నుంచి వచ్చిన చెంబేరి యంత్రం కొబ్బరికోసం పుట్టింది. మట్టల మొదళ్లు మిగిలిన మన తాటికి దాన్ని కొనేముందు, అమ్మేవాణ్ణే ఎక్కి చూపించమనండి.

బళ్లకు కట్టే ప్లాస్టిక్ తాడుతో మనిషిని చెట్టెక్కించకండి. అది ఎండకు పైకి కనపడకుండానే చచ్చుపడుతుంది. ఒక్కరికి ఖర్చు బరువైతే గట్టు గట్టు కలిసే నలుగురు రైతులు ఒక జత కొనుక్కోండి. ట్రాక్టర్ బ్యాటరీ పక్కన, మందుల డబ్బాల దగ్గర పెట్టొద్దు. యాసిడ్ తగిలిన నైలాన్ తాడు ఇక పనికిరాదు. ఒకసారి మనిషి పడి ఆగిన తాడునూ హార్నెస్‌నూ మళ్లీ వాడకుండా కోసి పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు పనికొస్తుందని తీసుకుపోతారు.