పొంగే మురుగుకు గృహస్థు దోషి కాడు

వానాకాలంలో హైదరాబాదు గల్లీల్లో మురుగు పొంగినప్పుడల్లా అధికారుల ప్రకటనల్లోనూ, టీవీ చర్చల్లోనూ, చివరికి అపార్టుమెంటు సంఘాల సమావేశాల్లోనూ ఒకే మాట వినబడుతుంది. జనానికి బాధ్యత లేదని, వంటింటి నూనె మొదలు ప్లాస్టిక్ సంచుల దాకా అన్నీ డ్రైనేజీలోకే తోస్తున్నారని, లైన్లు చోక్ కావడానికి కారణం అదేనని ఆ మాట. ఈ వానాకాలంలోనూ అదే వినబడింది. దీనికంటే అన్యాయమైన వాదన నగరపాలన చర్చల్లో మరొకటి లేదు. పైపు వేయవలసినవారి తప్పును అది పైపు వాడుకునేవారి నెత్తిన రుద్ది, ఆ తప్పును సరిదిద్దే ఖర్చును కూడా వారి చేతనే పెట్టిస్తున్నది.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద నివారణకు జలాశయాలను సూచించిన ఆయనే నగరానికి భూగర్భ మురుగునీటి వ్యవస్థ కూడా కావాలని పథకం రూపొందించాడు. 1930ల్లో రూపుదిద్దుకున్న ఆ వ్యవస్థ అప్పటి నగరంలోని సుమారు 5 లక్షల జనాభాను దృష్టిలో ఉంచుకొని వేసినది. 2011 జనాభా లెక్కల నాటికే నగరపాలక సంస్థ పరిధిలోని జనం 60 లక్షలు దాటారు. 2007లో 12 పురపాలక సంఘాలను కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పరచినప్పుడు హద్దులు ఒక్క ఉత్తర్వుతో పెరిగాయి గాని, సెప్టిక్ ట్యాంకుల మీదా, తెరచిన మోరీల మీదా ఆధారపడిన శివారు కాలనీలకు భూగర్భ లైన్లు ఆ ఉత్తర్వుతో రాలేదు. జనాభా ఇన్ని రెట్లు పెరిగిన చోట దోషిని వంటింటి సింకు దగ్గర వెతకడం దేనికి?

లైను ఎందుకు పూడుతుందో తెలిసినవారెవరూ ఆ పని చేయరు. ఇంటిలోని మురుగు సాధారణంగా 100 మిల్లీమీటర్ల పైపు గుండా గేటు దగ్గరి చాంబరుకు, అంటే లైనును తెరచి చూసుకోవడానికి కట్టిన చిన్న తొట్టికి చేరుతుంది. అక్కడి నుంచి వీధిలోని 150 లేదా 200 మిల్లీమీటర్ల లైనులో కలుస్తుంది. ఆ లైనులో నీరు సెకనుకు సుమారు 0.6 మీటర్లకు తగ్గకుండా పారితేనే ఇసుక, మలం, ఇతర ఘనపదార్థాలు అడుగున పేరుకోకుండా కొట్టుకుపోతాయి. ఇంజనీర్లు దీనిని స్వయంశుద్ధి వేగం అంటారు. దిగువనున్న పెద్ద లైను నిండిపోయి నీటిని తీసుకోలేనప్పుడు ఎగువ లైన్లలో ప్రవాహం నిలిచిపోతుంది, వేగం పడిపోతుంది, పూడిక మొదలవుతుంది, ఆ పూడికకు నూనె జిడ్డు అంటుకొని గట్టిపడుతుంది. అంటే లైను పారుతూ ఉంటే కొట్టుకుపోవలసినదే, లైను నిలిచిపోవడం వల్ల అడ్డంకిగా మారుతున్నది. అటువంటప్పుడు ఎదుట కనబడే జిడ్డును చూపించి మూలకారణమనడం రోగ లక్షణాన్నే రోగమనడం.

దిగువ లైను ఎందుకు నిండుతున్నదన్న ప్రశ్నను మాత్రం ఈ నీతిబోధకులెవరూ ముట్టుకోరు, ముట్టుకుంటే ప్రభుత్వ ఖజానా పేరు చెప్పవలసి వస్తుంది. 200 గజాల స్థలంలో ఒక కుటుంబం ఉండవలసిన చోట ఐదంతస్తులు లేచి పది పోర్షన్లు వెలిశాయి. అనుమతి లేకుండా లేచిన ఆ అంతస్తులను ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2007లోనూ, తెలంగాణ ప్రభుత్వం 2015లోనూ క్రమబద్ధీకరణ పేరిట, అంటే అపరాధ రుసుము తీసుకొని అక్రమాన్ని సక్రమంగా గుర్తించే పద్ధతిలో, ఆమోదించడానికి పూనుకున్నాయి. రుసుమును లెక్కగట్టారు, గడువులు పొడిగించారు, దరఖాస్తులను లక్షల్లో స్వీకరించారు. అదనపు అంతస్తు నుంచి రోజూ దిగే మురుగును ఆ వీధి పైపు మోయగలదా అన్న లెక్క ఏది? అంతస్తుకు డబ్బు తీసుకొని పైపును అలాగే వదిలేసిన ప్రభుత్వానికి, ఆ వీధిలో నియమం ప్రకారం రెండంతస్తులే కట్టుకొని పన్ను, నీటి బిల్లు, దానితో పాటు మురుగు సెస్సు కూడా క్రమం తప్పక చెల్లిస్తున్న మనిషిని బాధ్యత లేనివాడని అనే అర్హత లేదు. నేల ఎత్తు తక్కువగా ఉన్న పాపానికి, పొరుగున వెలసిన పోర్షన్ల మురుగు అతని స్నానాల గదిలోకే ఎదురు తన్నుతున్నది.

ఇక రోడ్ల సంగతి వేరుగా చెప్పుకోవలసిందే. పాత తారు పొరను గీకి తీయకుండా దాని మీదనే కొత్త పొర వేసే అలవాటు వల్ల ఇళ్ల గడపలు రోడ్డుకంటే కిందికి పోయాయి, అంతకంటే ఘోరంగా మ్యాన్‌హోల్ మూతలే తారు కింద కూరుకుపోయాయి. చోక్ తీయడానికి వచ్చిన సిబ్బందికి మూత ఎక్కడున్నదో తెలియక గడ్డపారతో రోడ్డును తవ్వి వెతుక్కోవలసిన స్థితి ఉన్న నగరంలో పౌరుల అవగాహన గురించి ప్రసంగాలు చేయడం సిగ్గుచేటు.

ఫిర్యాదు చేసిన గృహస్థు పడే పాట్లకు మూలం కూడా ఇదే వైఖరి. గేటు లోపలిది ఇంటివారి బాధ్యత, బయటిది తమదని కార్యాలయం చెబుతుంది. అడ్డంకి లోపలుందా, బయటుందా అన్నది తేల్చే పని మాత్రం ఎవరిదీ కాదు. ప్లంబరు బయటిదంటాడు, లైన్‌మ్యాన్ లోపలిదంటాడు, పొంగుతున్నది వాననీరు గనుక అది తమ శాఖ కాదని మరొకరంటారు. ఈలోగా సమస్య పరిష్కారమైనట్టు ఫోనుకు సందేశం వస్తుంది, మురుగు వాకిట్లోనే ఉంటుంది. నాలుగు రోజులు కంపు భరించిన కుటుంబం చివరికి అడ్డా మీద నుంచి ఒక కూలీని పిలుస్తుంది, అతడు మూత తీసి లోపలికి దిగుతాడు. ఏ రక్షణా లేకుండా మనిషిని మురుగు కాలువల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అందులో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో, దానిని 30 లక్షలకు పెంచాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. గల్లీల్లోకి పట్టే చిన్న జెట్టింగ్ యంత్రాలు, అంటే ఎక్కువ ఒత్తిడితో నీటిని కొట్టి పూడికను కదిలించే బండ్లు, 2017 నుంచి నగరంలో తిరుగుతున్నాయి. యంత్రం వేళకు రాకపోవడం వల్లనే మనిషి దిగుతున్నాడు. కూలీని దించిన గృహస్థు చేసినది నేరమే, దానిని సమర్థించడం కుదరదు. అయితే అతణ్ణి ఆ స్థితికి నెట్టిన జాప్యం ఎవరి నేరంగానూ నమోదు కాదు.

ప్లాస్టిక్ సంచులు లైన్లలో పడుతున్నమాట వాస్తవమే. చెత్త బండి రోజూ వచ్చే వీధుల్లో అవి తగ్గుతాయి. దానికి ఇంతకంటే చర్చ అక్కరలేదు.

చేయవలసినది కొంతైనా స్పష్టమే. వీధి లైను ఎంత మురుగును మోయగలదో లెక్క తేలకుండా ఆ వీధిలో అదనపు అంతస్తుకు అనుమతిగాని, క్రమబద్ధీకరణగాని ఇవ్వకూడదు. వసూలైన అపరాధ రుసుమును ఆ వీధి పైపు మార్చడానికే ఖర్చు చేయాలి. అడ్డంకి ఎటువైపు ఉన్నదో పైపులోకి కెమెరా పంపి తేల్చే బాధ్యత ఫిర్యాదు అందుకున్న కార్యాలయానిదే కావాలి, ఫిర్యాదును మూసే అధికారం ఫిర్యాదుదారుకే ఉండాలి. రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు, ఆ వీధిలోని మ్యాన్‌హోల్ మూతలన్నీ రోడ్డు మట్టానికి తెచ్చి చూపించేదాకా బిల్లు చెల్లించకూడదు.