బీపీ చూసి వెళితే చాలదు, మాత్ర ఊళ్లోకి రావాలి

రైతు సంఘం పత్రికలో బీపీ గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. ధాన్యం ధర, కాలువ నీరు, కౌలు కార్డులు ఉండగా ఇదేమిటని. పక్షవాతంతో ఇంటి పెద్ద మంచాన పడితే ఆ కౌలు రైతు ఇంట్లో ఏమవుతుందో చూసినవాళ్లు మాత్రం అడగరు. విజయవాడ ఆసుపత్రి బిల్లు కోసం అమ్ముకున్న గేదెలు, తాకట్టు పెట్టిన బంగారం మన వ్యవసాయ అప్పుల లెక్కల్లో ఎక్కడా కనపడవు.

బీపీ డబ్బున్నవాళ్ల జబ్బు అనే మాట ఇంకా వినపడుతోంది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో 1,354 మరణాలకు కారణాలు ఆరా తీస్తే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది. అవి మన పక్క డెల్టా ఊళ్లు, మనలాంటి వరి రైతులు, కూలీలు.

తర్వాత పశ్చిమ గోదావరిలో పెద్ద ప్రయోగమే చేశారు. 18 పీహెచ్‌సీల పరిధిలో 54 ఊళ్లలో ఆశా కార్యకర్తలకు టాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి నలభై దాటినవాళ్లకు బీపీ చూశారు, ప్రమాదం ఉన్నవాళ్లను డాక్టరు దగ్గరకు పంపారు. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ అదుపులో ఉన్నవాళ్లు ప్రయోగం నడిచినప్పుడు నూటికి 41, నడవనప్పుడు 39. ఇంత తిరిగితే తేడా రెండు!

ఇది ఆశాల వైఫల్యం అనేవాళ్లతో మాకు పేచీ ఉంది. ఆశా బీపీ కొలవగలదు, చీటీ రాసి పంపగలదు. మందు రాయాల్సింది డాక్టరు, ఇవ్వాల్సింది ప్రభుత్వం. నాట్ల రోజుల్లో కూలి మానుకుని పీహెచ్‌సీకి వెళ్లిన మనిషికి డాక్టరు లేడనో, మాత్రలు వచ్చే వారం వస్తాయనో చెబితే రెండోసారి వెళ్తాడా? కృష్ణ పాయ దాటి రావాల్సిన ఎదురుమొండి దీవి మనిషి అసలే వెళ్లడు. ఒంట్లో ఏ బాధా తెలియని జబ్బాయె. ఆవకాయ తగ్గించండి, ఎండుచేప మానండి అని గోడ మీద రాయడం మాత్రం తేలిక. జనరిక్ దుకాణంలో రూపాయి కూడా చేయని మాత్ర నెలనెలా ఊరికి చేర్చడమే ఏలినవారికి బరువైంది.

చేస్తే అవుతుంది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలే ఇళ్లకు వెళ్లి బీపీ చూశారు. డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు, పేదలకు రాయితీ ఇచ్చారు, కార్యకర్తలకు ఈ పనికి వేరే డబ్బు ఇచ్చారు. రెండేళ్లలో మిగతా ఊళ్లకంటే అక్కడ పై బీపీ సగటున 5 పాయింట్లు ఎక్కువ తగ్గిందని 2020లో లెక్క తేల్చారు.

మన దగ్గర ఆశా గౌరవ వేతనం 2019లో పది వేలు చేశారు. 2025లో గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు ప్రకటించారు. అవి ఆశాలు రోడ్డెక్కి అడిగి అడిగి తెచ్చుకున్నవి. అయినా కాగితం మీద ఆమె ఇప్పటికీ స్వచ్ఛంద సేవకురాలే. గర్భిణులు, టీకాలు, సర్వేలు, ఫోన్‌లో యాప్‌లు, వాటి మీద బీపీ. పని పెంచేటప్పుడు ఉద్యోగి, జీతం అడిగేటప్పుడు సేవకురాలు!

నెలకు సరిపడా బీపీ మాత్రలు ఊళ్లోనే ఆశా చేతుల మీదుగా అందాలి. ఈ పనికి ఆమెకు వేరుగా చెల్లించాలి. ఖాళీగా ఉన్న డాక్టరు పోస్టులు నింపాలి. ఈ నెలలో మన మండల కమిటీలు పీహెచ్‌సీలకు వెళ్లి, బీపీ మాత్రలు ఏ నెలలో ఎన్ని వచ్చాయో, ఎన్ని రోజులు లేవో లిఖితపూర్వకంగా అడగాలి. వెళ్లేటప్పుడు ఊరి ఆశాను కూడా పిలవండి. ఆ జవాబులు తీసుకుని కలెక్టరేట్‌కు వెళదాం.