చక్రవాకాన్ని చూచినవారెందరు?

తెలుగు కావ్యాలు చదివిన విద్యార్థికి చక్రవాకం కొత్త పేరు కాదు. పగలంతా కలిసి ఉండి, రాత్రి కాగానే విడిపోయి విలపించే ఆ దంపతులను ప్రబంధకవులు సూర్యాస్తమయ వర్ణనలలో మరువకుండా ప్రవేశపెట్టారు. కవిసమయానికి ఉదాహరణగా పరీక్షలో చక్రవాకాన్ని పేర్కొనే విద్యార్థులు ఎందరో ఉన్నారు. కాని ఆ పక్షి నిజంగా ఉన్నదనీ, ప్రతి శీతకాలం మన దేశపు నదీతీరాలకూ చెరువులకూ వస్తుందనీ ఎరిగినవారు అరుదు. నారింజవన్నె దేహం, లేతరంగు తల గల పెద్ద బాతు అది. వేసవిలో లడఖ్, టిబెట్ ప్రాంతాలలో పిల్లలను పెంచుతుంది. జంటగా తిరుగుతుంది. రాత్రివేళ కూడా మేతకు పోతుంది, బిగ్గరగా అరుస్తుంది. చీకటిలో ఆ అరుపు విన్నవారికి వియోగం స్ఫురించడంలో వింత లేదు.

హంసల సంగతీ ఇటువంటిదే. అవి వానకారులో మానససరోవరానికి పోయి, శరత్తులో మరలివస్తాయని కవులు చెప్పారు. తలపై రెండు నల్లని పట్టెలు గల బూడిదరంగు బాతులు టిబెట్ పీఠభూమి సరస్సుల వద్ద గుడ్లు పెట్టి, చలికాలానికి హిమాలయాలు దాటి వస్తాయని పక్షిశాస్త్రజ్ఞులు చెబుతారు. కావ్యాలలోని హంస ఇదేనని పలువురి అభిప్రాయం. పాలనూ నీటినీ వేరుచేయడం కల్పన కావచ్చు. రాకపోకల వర్ణన మాత్రం ఎవరో చెరువుగట్టున నిలిచి, కళ్లారా చూచి చెప్పినదే.

ఆ చూపు నేడు కొరవడింది. పక్షులను చూడాలంటే నేలపట్టుకో, పులికాటుకో పోవాలని చాలామంది తలుస్తారు. అక్కడి గూడబాతులూ రాజహంసలూ చూడదగినవే. కాని వరి కోసిన మళ్లపై తక్కువ ఎత్తున తేలుతూ మిడతలనూ ఎలుకలనూ వేటాడే పిల్లిగద్దలను చూడడానికి టిక్కెట్టు అక్కరలేదు. మధ్య ఆసియా గడ్డిమైదానాల నుండి వచ్చే ఆ పక్షులు రైతుకు అడగకుండానే మేలు చేస్తాయి. నేలపట్టు రైతులైతే పక్షిరెట్టలు కలిసిన చెరువునీరు పైరుకు బలమని ఏనాడో గ్రహించారు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరును ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా చేపలచెరువులు దానిని ఆక్రమించగా, 2006లో వాటిలో అనేకం తొలగించారు. ఆ చెరువులపై బతికిన కుటుంబాల బాధను తేలికగా తీసిపారేయరాదు. అయితే చేపలచెరువులోనూ నీరున్నది కదా, పక్షులకేమి లోటు అన్న వాదం నిలువదు. బురదలో ముక్కు గుచ్చి మేసే ఉల్లంకిపిట్టకు చీలమండ లోతు నీరు కావాలి. ఎత్తైన గట్లు కట్టి లోతు చేసిన చెరువులో దానికి కాలు మోపే చోటుండదు.

ఇటువంటి మార్పు జరిగిందని చెప్పాలంటే లెక్కలుండాలి. సలీం అలీ 1931లో నాటి హైదరాబాదు సంస్థానమంతటా తిరిగి పక్షులను నమోదు చేశాడు. 1987 నుండి ఏటా జనవరిలో ఆసియా దేశాలలో నీటిపక్షుల గణన జరుగుతున్నది; అందులో పాల్గొనేవారిలో ఔత్సాహికులు అనేకులు. ఊరి చెరువు విషయంలో ఈ పని జూనియర్ కళాశాల విద్యార్థులూ చేయగలరు. బైనాక్యులర్ ఉంటే మంచిదే. లేకున్నా తేదీ, చోటు, పక్షి పేరు, సంఖ్య రాసుకొనడానికి ఒక నోటుపుస్తకం చాలు. పేరు తెలియకపోతే రంగూ, ముక్కు తీరూ రాసుకోవచ్చు. ఒక ఏటి లెక్క పెద్దగా ఏమీ చెప్పదు. పదేళ్ల లెక్క చేతిలో ఉంటే, చెరువును ఇళ్లస్థలాలుగా మార్చే ప్రతిపాదన వచ్చిననాడు గ్రామసభలో దానిని చదివి వినిపించవచ్చు.