నాటు మందు మనకొద్దు, చట్టమిచ్చిన తుపాకి మనకివ్వండి

మొక్కజొన్న పాలు పోసుకునే రోజుల్లో గుండాల, ఆళ్లపల్లి, ములకలపల్లి, చర్ల వైపు ఏ ఊరికైనా రాత్రి పది దాటాక వెళ్లి చూడండి. ఊళ్లో మగవాళ్లు కనిపించరు. మంచెల మీద ఉంటారు. ఖాళీ డబ్బాలు మోగుతుంటాయి, టార్చిలైట్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి. చేను చుట్టూ పాత చీరలు కడతాం. మంగలి షాపు నుంచి జుట్టు గోనెల్లో తెచ్చి గట్ల మీద చల్లుతాం. వారం రోజులు పంది భయపడుతుంది. ఎనిమిదో రోజున ఆ చీర కిందనుంచే దూరి వస్తుంది. ఒక్క మంద ఒక్క రాత్రిలో ఎకరం తొక్కేస్తుంది. తిన్నది పావు వంతు, పడగొట్టింది ముప్పావు వంతు.

ఈ సంగతి మీకు కొత్త కాదు. పందులు వస్తున్నాయని ఏడవడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఆ పందిని ఆపడానికి మనవాళ్లు పట్టుకుంటున్న ఆయుధాల గురించి, పట్టుకోనివ్వని ఆయుధం గురించి రాస్తున్నాం.

ముందు మన తప్పు మనం ఒప్పుకుందాం. అడవి అంచు ఊళ్లలో రహస్యంగా మూడు పద్ధతులు నడుస్తున్నాయి. మోటారు స్టార్టర్ నుంచి కరెంటు తీగ లాగడం. మేతలో పెట్టే నాటు బాంబు. ఇంటి చూరులో దాచిన భర్మార్ గొట్టం, దానికి ఊళ్లోనే తయారైన మందు. ఈ మూడింటి గురించీ మన సంఘం మీటింగుల్లో ఎవరూ నోరు విప్పరు. ఎవరి ఇంట్లో ఏముందో అందరికీ తెలుసు కాబట్టి.

కరెంటు తీగ పందిని గుర్తుపట్టదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో జంతువుల కోసం పెట్టిన తీగ తగిలి గాలింపులో ఉన్న గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ చనిపోయాడు. పేపర్లో వచ్చింది కాబట్టి అది అందరికీ తెలిసింది. తెల్లవారుజామున నీళ్లు మళ్లించడానికి వెళ్లి పక్క చేను తీగ మీద కాలు పెట్టిన రైతు సంగతి జిల్లా పేజీలో మూడు వాక్యాలు. మన సభ్యుల్లో ఒకాయన తాను పెట్టిన తీగకే తన ఎద్దును పోగొట్టుకున్నాడు. అది ఆయన అదృష్టం అనాలి, ఎందుకంటే ఆ ఎద్దు వెనకే కొడుకు నడుస్తున్నాడు. మనిషి చనిపోతే తీగ పెట్టినవాడి మీద నేరపూరిత నరహత్య కేసు. పంట పోయిందని మొదలైన కథ జైలులో తేలుతుంది, ఆ ఏడు భూమి బీడు.

నాటు బాంబు సంగతి చెప్పక్కర్లేదు. 2020 మే నెలలో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో నోట్లో పేలుడు పదార్థం పేలి కడుపుతో ఉన్న ఏనుగు చనిపోతే దేశమంతా ఏడ్చింది. మన దగ్గర నోరు పగిలిన గేదెల గురించి ఎవరూ ఏడవరు, అది వేరే మాట.

ఇక నాటు తుపాకి. ఒక అపోహ మనలో గట్టిగా ఉంది: మందు బాగా దట్టిస్తే దెబ్బ బాగా పడుతుందని. ఇది పచ్చి అబద్ధం. అమెరికాలో, యూరపులో చేత్తో తూటాలు నింపుకునే వేటగాళ్లు వేలమంది ఉన్నారు. వాళ్లు ఫ్యాక్టరీలో పరీక్షించిన పొడిని, అచ్చువేసిన పట్టిక ముందు పెట్టుకుని, త్రాసు మీద గ్రెయిన్ల లెక్కన తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు. అంత తూచేది దెబ్బ పెంచడానికి కాదు, ప్రతి గుండూ ముందు గుండు పోయిన చోటికే పోవాలని. అంత చేసినా తేలికపాటి రైఫిలు గొట్టం సన్నంగా ఉంటుంది కనుక నాలుగు గుండ్లకే వేడెక్కి గురి పక్కకు జరుగుతుందని వాళ్లే చెప్పుకుంటారు. మన దగ్గర? కొలత కంటిచూపు. మందు ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో తెలియదు. వానాకాలం చెమ్మకు ఒకరోజు తుస్సుమంటుంది, ఇంకోరోజు గొట్టమే పగిలి కాల్చినవాడి వేళ్లు తీసుకుపోతుంది. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో అలాంటి గొట్టం పట్టుకుని చీకట్లో కాల్చేవాడికి గురి ఎక్కడిది? పంది చావదు, గాయపడుతుంది. గాయపడ్డ పంది మిర్చి తోటలో దాక్కుంటుంది. పొద్దున్నే మిర్చి ఏరడానికి వెళ్లేది మన ఆడవాళ్లు.

దొరికితే శిక్ష కూడా చిన్నది కాదు. లైసెన్సు లేకుండా ఆయుధం తయారుచేసినా, అమ్మినా 2019 సవరణ తర్వాత ఏడేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా.

సరే, ఇవన్నీ మానేయమని మేము చెబుతాం. మానేసి ఏం చేయాలి? ఇక్కడే ప్రభుత్వం జవాబు చెప్పాలి.

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను తెరిచి చూడండి. పంట రక్షణ కోసం భర్మార్ తుపాకికి పౌరుడు లైసెన్సు అడిగితే ఇవ్వాలి అని ఉంది. ఇవ్వవచ్చు అని కాదు. భర్మార్ చాలదని అధికారికి అనిపిస్తే, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న వేరే నున్న గొట్టపు తుపాకి, అంటే మనం పన్నెండు బోరు అనేది, ఇవ్వవచ్చని కూడా అదే సెక్షనులో ఉంది. తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాయాలి. దరఖాస్తుదారుకు ఆస్తి చాలదన్న ఒక్క సాకుతో తిరస్కరించకూడదని 14వ సెక్షను చెబుతోంది. కౌలు రైతులూ, పోడు పట్టాదారులూ ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. 18వ సెక్షను కింద అప్పీలు హక్కు ఉంది.

అరవై ఏళ్లు దాటిన ఈ చట్టం ఉండగా మనవాళ్లకు ఆఫీసులో దొరికే జవాబు ఏమిటి? ‘ఇది ఏజెన్సీ, నక్సల్స్ ప్రాంతం, తుపాకులు ఇవ్వం.’ నోటి మాటే, కాగితం లేదు. కాగితం ఉంటే అప్పీలుకు పోతాం కదా!

దీని పైన ఇంకో తాళం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షను ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు అంగీకారం కావాలి. కిన్నెరసాని అభయారణ్యం చుట్టూ పది కిలోమీటర్లు గీత గీయండి. పందుల బాధ ఎక్కువగా ఉన్న ఊళ్లే ఆ గీత లోపల పడతాయి. అడవికి దగ్గరున్నవాడికి పంది దగ్గర, తుపాకి దూరం.

లైసెన్సు ఉన్న కొద్దిమంది పాత రైతుల గతి చూడండి. 2023 అక్టోబరు 9న ఎన్నికల కోడ్ వచ్చింది. వరి గింజ గట్టిపడే రోజులు. స్టేషనులో తుపాకి అప్పగించు అన్నారు. అందరి తుపాకులూ గంపగుత్తగా తీసుకోమని ఎన్నికల సంఘం చెప్పలేదు. జిల్లా స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్కరి సంగతి చూసి నిర్ణయించాలి. అలా చూసిన కమిటీ మాకు కనపడలేదు. లోక్‌సభ ఎన్నికలకు మళ్లీ అదే, పంచాయతీ ఎన్నికలకు మళ్లీ అదే. పందులకు మాత్రం కోడ్ లేదు.

‘తుపాకి ఎందుకు, పందిని కాల్పించే ఏర్పాటు ఉంది కదా’ అనేవాళ్లున్నారు. ఉంది. చట్టం 11వ సెక్షను కింద పంటకు హాని చేసే జంతువును చంపడానికి చీఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చినవారు గానీ రాతపూర్వకంగా అనుమతించవచ్చు. మన రాష్ట్రంలో ఆ బాధ్యతలో సర్పంచులకు చోటిస్తామన్నారు, ఎంపిక చేసిన షూటర్లు వచ్చి కాలుస్తారన్నారు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా సర్పంచులే లేరు! దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. షూటరు సంగతి: ఆయన పట్నంలో ఉంటాడు, మంచి రైఫిలు, మంచి దుర్భిణి, ఫ్యాక్టరీ తూటా. మేము కాదనం. కానీ పంది వచ్చేది ఈ రాత్రి. అనుమతి, జీపు, షూటరు చేరేసరికి కంకి ఉండదు.

కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఈ అధికారం ఇచ్చి, లైసెన్సు తుపాకి ఉన్న స్థానికుల చేత కాల్పించింది. బీహార్, ఉత్తరాఖండ్‌లలో కేంద్రమే కొంతకాలం అడవిపందిని హానికర జంతువుగా ప్రకటించింది. 2022 సవరణతో మన పంది మూడో షెడ్యూలు నుంచి రెండో షెడ్యూలుకు ఎక్కింది. పందికి ప్రమోషన్, రైతుకు నోటీసు.

అడవి జంతువులంటే మాకు పగ లేదు. తుపాకి ఇస్తే దుప్పుల్ని కొడతారని అటవీ అధికారులంటారు. కొట్టేవాడు ఇప్పుడు తీగతో కొడుతున్నాడు, ఆ తీగకు దుప్పీ పులీ ఒకటే. లైసెన్సు తుపాకికి నంబరు ఉంటుంది, తూటాకు లెక్క ఉంటుంది, పట్టుకున్నవాడికి పేరు ఉంటుంది. చంపిన పంది ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షను అంటోంది. తీసుకుపోండి, పాతిపెట్టండి. మాకు మాంసం వద్దు, పంట కావాలి. అటవీ హక్కుల చట్టం కూడా ఆదివాసీకి అన్ని సంప్రదాయ హక్కులూ ఇస్తూ వేటను మినహాయించింది. ఆ మినహాయింపును మేము ప్రశ్నించడం లేదు. చేను కాపాడుకోవడం వేట కాదు.

రైఫిలు కూడా మేము అడగడం లేదు. ఇది ఆలోచించే చెబుతున్నాం. రైఫిలు గుండు గురి తప్పితే కిలోమీటరు దాటి పోతుంది, చేల మధ్య గుంపులు గుంపులుగా ఇళ్లున్న మన ఊళ్లకు అది ప్రమాదం. పన్నెండు బోరు రవ్వలు కొద్ది దూరంలోనే పడిపోతాయి. ఊరికి రెండో మూడో లైసెన్సులు, కంపెనీ తూటాలు, కాపలా బృందానికి శిక్షణ చాలు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం దరఖాస్తుదారుకు భద్రతా శిక్షణ ఎలాగూ తప్పనిసరి. ఆ శిక్షణ హైదరాబాదులో కాదు, కొత్తగూడెంలో, ఖమ్మంలో పెట్టండి.

తుపాకి లేకుండా అయ్యే పనులూ ఉన్నాయి. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ నాలుగు వరసలు వేయమని రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు చెబుతారు. కొంత పనిచేస్తుంది. సోలార్ కంచె ఇంకా మేలు, సబ్సిడీ ఇస్తే. బీమా? 2020లో మన రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది. 2025 నవంబరులో కేంద్రం, 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువుల నష్టానికీ బీమా అని ప్రకటించింది, 72 గంటల్లో యాప్‌లో ఫొటో పెట్టాలట. మా గుట్టల మీద సిగ్నలు కోసం చెట్టెక్కాలి. అయినా ఆ పథకం మన రైతు దాకా తేవలసింది రాష్ట్రమే, దాన్ని అడుగుదాం.

గోదావరి అవతల పిచ్చుకలపాడు, ఎటపాక వైపు 2014లో ఆంధ్రకు పోయిన ఊళ్ల రైతులకూ ఇదే బాధ. పందులు విభజన చట్టం చదవలేదు. అక్కడి సంఘాలతో కలిసి రెండు రాష్ట్రాల అటవీ శాఖలకూ ఒకే వినతిపత్రం పెట్టాలన్నది మా ఆలోచన.

ఈ నెల పని ఇది. పంట రక్షణ లైసెన్సుకు మండలానికి కనీసం ఇరవై దరఖాస్తులు పడాలి. పట్టా పాసుపుస్తకం గానీ, పోడు పట్టా గానీ, కౌలు కాగితం గానీ జతచేయండి. నష్టపోయిన చేను ఫొటో, పంచాయతీ తీర్మానం నకలు పెట్టండి. దరఖాస్తు కలెక్టరుకు, కమిషనరేటు ఉన్న ఖమ్మంలో పోలీసు కమిషనరుకు. రసీదు లేకుండా వెనక్కి రావద్దు. నోటితో కాదంటే, ‘14వ సెక్షను ప్రకారం కారణం రాసివ్వండి సారూ’ అనండి. రాసిచ్చిన ప్రతి తిరస్కరణ కాగితం మండల కమిటీకి చేర్చండి, అప్పీళ్లు అన్నీ కలిపి వేద్దాం. ఇంట్లో చూరు కింద గొట్టం ఉన్నవాళ్లు, గట్టు మీద తీగ ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టేలోపు వాటిని వదిలించుకోండి. రేపు విచారణకు వచ్చే ఎస్సై మొదట వెతికేది వాటినే.