గూడూరు మట్టికి గూడూరు చేయి
గూడూరునకు పడమట సైదాపురపు గనులలో అభ్రకముతోపాటు పలుగురాయియు, తూర్పున చిల్లకూరు, కోట మండలములలో తెల్లని సిలికా ఇసుకయు లభించుచుండగా, పింగాణీ శాస్త్రము నేర్పు ప్రభుత్వ సంస్థయు ఈ పట్టణమునందే వెలసియుండగా, స్వహస్తములతో పాత్రను, ప్రతిమను మలచి జీవించుటయు నొక గౌరవప్రదమగు వృత్తియేయని మన పిల్లలకు మనము చూపింపకుండుట నన్ను మిక్కిలి బాధించుచున్నది. సారెపై లేచు కుండకు వేగము కలదు. సారె లేని చేతిపనికి ఓర్పే సారె. మట్టిని త్రాడువలె పేని చుట్టలుగా పేర్చి, పలకలుగా పరచి అతికి, గోడమందము సమమగునట్లు వ్రేళ్లతో నొక్కి, నీడపట్టున మెల్లగా నారనిచ్చి, తొలి కాల్పున 573 డిగ్రీల సెంటీగ్రేడు కడ మట్టిలోని పలుగురాయి తన స్ఫటికరూపము మార్చుకొని హఠాత్తుగా వ్యాకోచించు ఘడియను మెలకువతో దాటించి, పిదప గాజుపూత పూసి 1,200 డిగ్రీలకు పైబడిన వేడిమిలో మరల కాల్చిననేగాని అది నీరు పీల్చని గట్టి పాత్ర కాజాలదు. ఇంతటి విద్య చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టును. అది అన్నము పెట్టుటకు మరికొన్ని ఏండ్లు. అయినను, 1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్‌లు నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో చేయి తిరిగినవారెందరో ఈ మార్గముననే జీవిక సంపాదించుకొనిరి. పలమనేరు కుమ్మరులు నేటికిని ఎఱ్ఱమట్టితో దీపములు, బొమ్మలు చేయుచునే యున్నారు. వారిని గురువులుగా గూడూరునకు పిలిచి, స్వల్పమగు అద్దెకు ఎవరైనను కాల్చుకొనగల ఉమ్మడి ఆవము నొకదానిని సంస్థ ప్రాంగణముననే కట్టింపవలెనని నా కోరిక.