టెండరు పిలవకముందే చెట్ల లెక్క అడుగుదాం!

ఇబ్రహీంపట్నం, కొండపల్లి, ఫెర్రీ ప్రజలారా!

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిని ఆరు వరసలు చేసే ప్రయత్నం నడుస్తోంది. రోడ్డు వద్దనడం లేదు. బూడిద లారీల మధ్య బండి నడిపేవాళ్లం, రోడ్డు ఎంత అవసరమో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అడిగేదల్లా ఒకటే: ఏ చెట్టు ఉంటుందో, ఏది పోతుందో గీత గీసే రోజునే మాకు చూపించండి.

బెరడు చెక్కి ఎర్రరంగుతో నంబరు వేశారంటే ఆ చెట్టు పని అయిపోయినట్టే. కాంట్రాక్టరును అడిగితే "డ్రాయింగులో ఉందండీ" అంటాడు. ఇంజినీరును అడిగితే టెండరు అయిపోయిందంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే, అదే మన ఖర్మ.

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కునే చూడండి. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి అది. 2016లో దాని చుట్టూ ఫ్లైఓవర్లు గీశారు. అంచున ఉన్న పాత చెట్ల కోసం జనం చేయీచేయీ పట్టుకుని నిలబడితే, హరిత ట్రైబ్యునల్ స్టే ఇచ్చింది. 2020లో పార్కు రక్షణ వలయాన్ని కొన్నిచోట్ల 3 మీటర్లకు కుదించారు. ఒక లారీ ఆపితే పక్కన మనిషి నడవడమే కష్టమైనంత జాగా! ఇప్పుడు మళ్లీ అక్కడే ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు అంటున్నారు.

హైదరాబాద్ శివారు నుంచి చేవెళ్ల వైపు వెళ్లే దారిలో 46 కిలోమీటర్ల పొడవునా దాదాపు 900 మర్రులు. వాటికోసం కూడా జనం ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. చివరికి చాలా మర్రుల్ని ఉన్నచోటే ఉంచి రోడ్డు వేసేలా డిజైన్ మార్చారు. మొదట్లోనే మార్చి ఉండొచ్చుగా? ఈలోగా ఇరుకు రోడ్డు ఇరుకుగానే ఉండిపోయింది. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోతే, నెపం మర్రుల మీదా వాటి తరఫున అడిగినవాళ్ల మీదా పడింది. మొదటి డ్రాయింగు గీసినవాళ్లను ఎవరూ అడగలేదు.

మన ఊళ్లో ఆ గతి రాకూడదు. సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీ 2021లో చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని లెక్కగట్టింది. మనవాళ్లు కట్టెల ధరకు వేలం వేస్తారు!

అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. ఆ అనుమతి ఎవరిస్తారో, ఎన్ని చెట్లకో, బదులు నాటే మొక్కలకు మే నెల ఎండల్లో నీళ్లు ఎవరు పోస్తారో కాగితం మీద కావాలి. పోస్టాఫీసులో 10 రూపాయల పోస్టల్ ఆర్డరు కొని, సమాచార హక్కు చట్టం కింద జాతీయ రహదారుల సంస్థకు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడికీ కలిసి వెళ్దాం. కొట్ల ముందు చెట్టున్న వ్యాపారులు, చెట్టుకింద స్టాండున్న ఆటో అన్నలు ముందుగా కదలాలి. ఎండ మొదట తగిలేది మీకే.

రాయడం రానివాళ్లకు మేం రాసిపెడతాం. ఆధార్ జిరాక్సు అక్కర్లేదు. పేరు, చిరునామా, సంతకం చాలు.

— ఈ చెట్ల కింద బస్సు కోసం నిలబడేవాళ్లం