చుండూరు కోర్టు తెరకెక్కేదెప్పుడు?

1991 డిసెంబరులో అమెరికాలో ఆలివర్ స్టోన్ తీసిన 'జె.ఎఫ్.కె.' విడుదలైంది. అధ్యక్షుడు కెనడీ హత్యకు కుట్ర పన్నాడంటూ క్లే షా అనే న్యూ ఆర్లీన్స్ వ్యాపారిని 1969లో కోర్టుకీడ్చిన కేసే దాని కథ. నిజం కోర్టులో జ్యూరీ గంటలోపే షా నిర్దోషి అని తేల్చేసింది. చరిత్రను స్టోన్ తనకు కావలసినట్టు మలుచుకున్నాడని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు. అయినా ఆ సినిమా లేపిన దుమారానికి, హత్య తాలూకు రహస్య పత్రాలను బయటపెట్టే చట్టం 1992లోనే చేయక తప్పలేదు.

అదే 1991లో, ఆగస్టు 6న, తెనాలి పక్కనున్న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. అంతకు నెల ముందు తగవు రాజుకున్నది ఎక్కడో కాదు, సినిమా హాల్లో. ఓ దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకులం కుర్రాడికి తగిలింది. ఆ తర్వాత దళితవాడకు పనులు ఆపేశారు, సాంఘిక బహిష్కరణ పెట్టారు. పోలీసులు ఊళ్ళో ఉండగానే హత్యలు జరిగాయి.

ఇది కులం గొడవే తప్ప రాజకీయ హత్య కాదనేవాళ్ళున్నారు. ఊళ్ళో ఎవరు తలెత్తుకు తిరగాలో, ఎవరు తలొంచుకు బతకాలో కత్తులతో తేల్చడం రాజకీయం కాకపోతే మరేమిటి?

తెనాలి సీమకు సినిమా కొత్త కాదు. చక్రపాణి, జగ్గయ్య, గుమ్మడి, శారద ఇక్కడి వాళ్ళే. బుర్రిపాలెం కృష్ణ 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో చారిత్రక చిత్రం సత్తా ఏమిటో చూపించాడు. అందులో కోర్టు సీను ఉండే వీల్లేదు. తెల్లదొరలు అల్లూరికి విచారణే లేకుండా చేశారు మరి. చుండూరులో మాత్రం విచారణ జరిగింది. ఎలా జరిగిందన్నదే అసలు కథ.

ఊరొదిలి తెనాలి సాల్వేషన్ ఆర్మీ చర్చి ఆవరణలో తలదాచుకున్న బాధితులు ఒక పట్టు పట్టారు: కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలి. కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, వాయిదాకో మారు పట్నం తిరగడం ఎలా ఉంటుందో, అలా తిరిగి తిరిగి సాక్షులు ఎలా అడ్డం తిరుగుతారో వాళ్ళకు తెలుసు. బొజ్జా తారకం వంటి న్యాయవాదులు వెన్నంటి నిలిచారు. ఎట్టకేలకు 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద ప్రత్యేక న్యాయస్థానం చుండూరులోనే కొలువుదీరింది. పౌరహక్కుల న్యాయవాది బి.చంద్రశేఖర్ స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. పొద్దున బోనెక్కి ఒకడి పేరు చెప్పిన కూలీ, సాయంత్రం అతడి చేను పక్కనుంచే ఇంటికెళ్ళాలి. ఏ రచయితకూ కల్పించుకోవలసిన పని లేని నాటకమిది.

హత్యలు జరిగిన పదహారేళ్ళకు, 2007 జులై 31న తీర్పొచ్చింది. అప్పటికి మిగిలిన నిందితులు 179 మంది. ప్రత్యేక న్యాయమూర్తి అనీస్ 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేశారు. మిగతా 123 మందిని విడిచిపెట్టారు. ఏడేళ్ళు తిరక్కుండానే, 2014 ఏప్రిల్ 22న హైకోర్టులో జస్టిస్ ఎల్.నరసింహారెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె.జైస్వాల్ ధర్మాసనం శిక్షలన్నీ కొట్టేసింది. ఎవరిని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందన్నది. కేసు సుప్రీంకోర్టు గడప తొక్కింది.

ఇప్పటి బాపట్ల జిల్లాలోనే ఉన్న కారంచేడుదీ ఇదే దారి. 1985 జులై 17న ఆరుగురు దళితులు హతులయ్యారు. ప్రధాన నిందితుడు దగ్గుబాటి చెంచురామయ్యను 1989లో నక్సలైట్లు చంపారు. కింది కోర్టు శిక్షలు వేస్తే హైకోర్టు కొట్టేసింది. చివరికి సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళ జైలు వేసేసరికి 2008 డిసెంబరు వచ్చింది.

తెలుగు ప్రేక్షకుడు కోర్టు సినిమా చూడడన్న మాట ఇక చెల్లదు. 'నాంది', 'వకీల్ సాబ్' చూశాడు, 2025లో 'కోర్ట్' సినిమాను నెత్తిన పెట్టుకున్నాడు. తమిళం నుంచి వచ్చిన 'జై భీమ్' చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పొరుగువాళ్ళు తమ హైకోర్టు కేసును తెరకెక్కిస్తే మెచ్చుకునే మన నిర్మాతలు, సొంత ఊళ్ళ కేసు దగ్గరికి వచ్చేసరికి జంకుతున్నారు. థియేటర్ల దగ్గర గొడవలవుతాయని, పెట్టుబడి మునుగుతుందని భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. కానీ ఓటీటీ వచ్చాక అది పూర్తి సాకు కూడా కాదు.

తీసేవాళ్ళు ఎవరైనా రెండు ఆశలు చంపుకోవాలి. ఒకటి, స్టార్ లాయరు ఒక్కడే వాదించి గెలిచేస్తాడన్నది. చుండూరు కథలో కథానాయకులు సాక్షులే. రెండోది, 2007 తీర్పు దగ్గర చప్పట్లతో శుభం కార్డు వేయడం. అది సగం నిజం, అంటే అబద్ధం. హైకోర్టు ఎత్తిచూపిన లోపాలూ తెరమీదికి రావాలి. ఆ లోపాలు దర్యాప్తులో ఎలా చొరబడ్డాయన్న ప్రశ్నా రావాలి. నేరం జరిగిందని ఎవరూ కాదనలేదు, ఎనిమిది సమాధులు ఊళ్ళో 'రక్తక్షేత్రం'లో ఉన్నాయి. నేరస్థులెవరన్నదే రెండు కోర్టులు రెండు రకాలుగా చూశాయి. ప్రేక్షకుడికి రెండూ చూపించి తేల్చుకోమనాలి.

1991లో నలభై ఏళ్ళున్న సాక్షులు ఇప్పుడు డెబ్బై దాటారు. సినిమా సంగతి తర్వాత, ముందు వాళ్ళ మాటలను కెమెరాలో భద్రం చేయాలి. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళకు కొదవ లేదు. ఆ రెండు తీర్పులూ చదువుకుని వాళ్ళు ఈ ఏడాదే చుండూరు రైలెక్కాలి.